గడప దాటని మందు

సత్యవేణి, యాభై మూడేళ్లు. ఇంట్లో అందరూ తిని లేచాక చేపల పులుసు గిన్నెలోనే అన్నం వేసుకుని, అంచులకంటా తుడిచి తినడం ఆమె అలవాటు.

ఈ అలవాటు ఏ రికార్డులోనూ లేదు. ఆమె చెల్లెలు డాక్టర్ ప్రశాంతికి కూడా తెలియదు. అక్క వండి వడ్డిస్తే నలభై ఏళ్లు తిన్న మనిషే ప్రశాంతి. అక్క తింటుండగా మాత్రం ఒక్కసారీ చూడలేదు. తను చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాకే అక్క భోజనం మొదలయ్యేది మరి. మనుషులు ఏం తింటారో, ఏం వదిలేస్తారో గమనించి వాళ్ల ప్రాణం కాపాడే యంత్రాన్ని కనిపెట్టింది ఈ ప్రశాంతే.

ఆ యంత్రం పేరు గడప.

అప్పటికి సముద్రం తొమ్మిది కిలోమీటర్లు లోపలికి వచ్చేసింది. వరి పండిన నేలంతా రొయ్యల చెరువులయింది. ఎత్తుమీద ఉండటం తప్ప వేరే అర్హత లేని నాగులదిబ్బ జిల్లా కేంద్రమయింది. అక్కడి ఆసుపత్రిని స్తంభాల మీద కట్టారు. పోటు వచ్చినప్పుడు రోగులు పడవల్లో వచ్చేవారు. వాళ్ల చేతుల్లో పాత మందుల చీటీలు ఉండేవి కావు, చీటీలు దాచుకున్న ఇళ్లే లేవు.

యాంటీబయాటిక్ ఇవ్వాలంటే డాక్టరుకి ముందు ఒక సంగతి తెలియాలి: ఈ మందు ఈ మనిషి ఒంటికి ఎదురుతిరుగుతుందా? తిరిగితే ఐదు నిమిషాల్లో గొంతు వాచి ఊపిరాగిపోవచ్చు. అందరికీ రక్తపరీక్షలు చేసే తీరిక, సరంజామా నాగులదిబ్బలో లేవు. ప్రశాంతికి అక్కడ ఒక ఆలోచన వచ్చింది. చీటీలు పోయినా ఒళ్లు గుర్తు పెట్టుకుంటుంది కదా! తనకి పడని తిండిని మనిషి తెలిసో తెలియకో పక్కకి నెట్టేస్తాడు. ఏళ్లతరబడి ఎవరు ఏది కంచంలో వదిలేస్తున్నారో తెలిస్తే, వాళ్లకి ఏ అలర్జీ ఉందో చాలావరకు చెప్పెయ్యొచ్చు.

రెండేళ్లపాటు కంచాలు కడిగే చోట కెమెరాలు పెట్టి ముప్పై వేల మంది వదిలేసిన మెతుకుల్ని ఫొటోలు తీయించింది. నేవీ మెస్సులు, పోలీసు బ్యారక్‌లు, ఇంజనీరింగ్ కాలేజీల మగపిల్లల హాస్టళ్లు. ఆడపిల్లల హాస్టళ్లలో కెమెరాలకి వార్డెన్లు ఒప్పుకోలేదు. "పర్వాలేదు, కంచం కంచమే కదా" అనుకుంది ప్రశాంతి. నూటికి తొంభై నాలుగుసార్లు ఆమె అంచనా రక్తపరీక్షతో సరిపోయింది. పత్రికలు పొగిడాయి. ఊళ్లలో కెమెరాలు పెట్టలేరు కాబట్టి అక్కడ రోగి తరఫు బంధువులు నోటితో చెబితే చాలని ఢిల్లీలోని వైద్య కమిటీ తేల్చింది.

అలా తయారయింది గడప. చూడటానికి నాలుగు గిన్నెల క్యారేజీ అంత ఉంటుంది. యాంటీబయాటిక్ అలమారాకి తాళంలా బిగిస్తారు. రోగి ఏమేం తినరో చెప్పాక, ఇవ్వదగిన మందున్న అర మాత్రమే తెరుచుకుంటుంది. మిగతా అరలు డాక్టరు బతిమాలినా తెరుచుకోవు.

ఇందులో ఒక రూలు ఉంది. రెండు, అంతకన్నా ఎక్కువ తిండి పదార్థాలు పడనివాళ్లకి పెన్సిలిన్ కుటుంబం మొత్తం బంద్. రొయ్యకీ పెన్సిలిన్‌కీ చుట్టరికం లేదు. గుడ్డు పడని మనిషి పెన్సిలిన్‌ని నిక్షేపంగా తట్టుకోగలడు. ఆ మాట ప్రశాంతికి అందరికన్నా బాగా తెలుసు. కానీ పరీక్షలు జరిగే రోజుల్లో గుడ్డూ వేరుశనగా రెండూ పడని ఒక నేవీ కుర్రాడు పెన్సిలిన్ ఇంజెక్షన్‌కి ఆమె కళ్లముందే పోయాడు. ఆ ఒక్క చావు చూసి ఈ రూలు రాసింది. పైగా కమిటీవాళ్లకి సున్నా కావాలి. ఒక్క రియాక్షన్ కూడా లేని రోజులు ఎన్నయ్యాయో ఆసుపత్రి గుమ్మంలో బోర్డు మీద వెలుగుతూ ఉండేది.

ఆ బోర్డు మీద వెయ్యీ ఎనభై తొమ్మిది ఉన్న రోజున ప్రశాంతి తన అక్కని పడవలో తీసుకొచ్చింది.

*

సత్యవేణి ఇరవై రెండేళ్లు రొయ్యల షెడ్డులో తలలు తీసి, పొట్టు వలిచి, చెల్లెల్ని పీహెచ్‌డీ దాకా చదివించింది. రెండేళ్ల కిందట ప్రశాంతి ఆమెని తన క్వార్టర్స్‌కి తెచ్చేసుకుంది. "ఇక విశ్రాంతి తీసుకో అక్కా" అంది. ఆడవాళ్ల విశ్రాంతి ఎలా ఉంటుందో చదువరులకి చెప్పక్కర్లేదు. షెడ్డు మానేసిన సత్యవేణికి ఒక వంటిల్లు దొరికింది.

ముందు ఆదివారం ప్రశాంతి "జెల్ల పులుసు తిని ఎన్నాళ్లయిందో" అంది. సత్యవేణి జెల్ల చేపలు తెచ్చి బాగుచేస్తుంటే ముల్లు బొటనవేల్లో దిగబడింది. "ముల్లేగా" అని పసుపద్దుకుంది. నాలుగో రోజుకి మోచెయ్యి దాకా వాచింది. ఐదో రోజుకి జ్వరం నూట నాలుగు. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకిందని ల్యాబ్ చెప్పింది.

డ్యూటీలో ఉన్న డాక్టర్ రెహానా రిపోర్టు చూపించింది. "ఈ బ్యాక్టీరియా రెండు మందులకి లొంగుతుంది మేడం. ఒకటి పెన్సిలిన్ జాతిది, సాధువు. రెండోది అమికాసిన్. పని చేస్తుంది గానీ చెవుల్నీ కిడ్నీల్నీ కొరుకుతుంది. మొదటిదే ఇద్దాం."

"గడప ఏమంటే అది" అంది ప్రశాంతి.

యంత్రం మెత్తటి ఆడగొంతుతో అడిగింది. "రోగి ఏయే ఆహారం తీసుకోరు?"

"చేప, గుడ్డు, రొయ్య."

"ఎన్నేళ్లుగా?"

"నలభై ఏళ్లుగా. చిన్నప్పటినుంచీ పడవు."

"చెబుతున్నవారు?"

"చెల్లెల్ని. డాక్టర్‌ని."

డాక్టరు చెప్పిన మాటకి గడప ఎక్కువ విలువ ఇస్తుంది. పెన్సిలిన్ అర మీద ఎర్రదీపం వెలిగింది.

మంచం మీదనుంచి సత్యవేణి చెయ్యి చాపింది. "ఉత్తిదే చిట్టీ. అదంతా ఉత్తిదేనే. నాకేం కాదు, ఇచ్చెయ్యమను."

"మాట్లాడకక్కా, పడుకో."

"నే చెప్తుంటే వినవేంటే? ఉత్తిదే అంటున్నాను..."

"రోగి స్వయంగా చెబుతున్నారు" అంది రెహానా. "అది కూడా యంత్రానికి చెప్పండి."

"నూట నాలుగు జ్వరంలో ఉంది. నూట మూడు దాటితే రోగి మాట లెక్కలోకి రాదు."

"ఎవరు పెట్టారు ఆ రూలు?"

"నేనే."

రెహానా సత్యవేణి వాపు లేని చేతిని దీపం కిందకి తిప్పింది. "ఈవిడ ఏం పని చేసేవారు?"

"రొయ్యల షెడ్డులో."

"ఎన్నేళ్లు?"

"ఇరవై రెండు."

"రొయ్య పడని మనిషి ఇరవై రెండేళ్లు రొయ్య వలిచారా? ఒక్క దద్దురు మచ్చ లేదు మేడం, చూడండి."

"గ్లవ్స్ వేసుకునేవాళ్లు" అంది ప్రశాంతి.

షెడ్డులో గ్లవ్స్ ఎవరికీ ఇవ్వలేదని ప్రశాంతికి తెలుసు. సెలవులకి ఇంటికొచ్చినప్పుడు, మంచునీళ్లలో నాని ముడతలు పడ్డ అక్క వేళ్లకి కొబ్బరినూనె రాసింది తనే. ఆ క్షణాన అది గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వచ్చినదాన్ని తోసేసి గ్లవ్స్ అంది. కళ్లముందు పోయిన నేవీ కుర్రాడి నీలం పెదవులు కూడా గుర్తొచ్చాయి. ఈ రెండింట్లో ఆమె రెండోదాన్ని నమ్మింది. వచ్చే వారం ఢిల్లీ కమిటీ వస్తోందన్నది మూడోది. దాన్ని లోపల్లోపలే ఉంచుకుంది.

"పోనీ అరగంటలో స్కిన్ టెస్ట్ చేసేస్తాను" అంది రెహానా. "చుక్క మందు చాలు. మీ వేలిముద్ర పెడితే అర తెరుచుకుంటుంది కదా? ఈ జిల్లాలో ఆ వీలు మీ ఒక్కరికే ఉంది."

"నా అక్క కోసం నా రూలు నేనే తప్పితే రేపు ప్రతి డాక్టరూ తప్పుతాడు."

"రూలు మీ అక్క కన్నా ముందు పుట్టిందా మేడం?"

ప్రశాంతి అలమారా వైపు తిరిగింది. అమికాసిన్ అర తెరుచుకుంది.

*

నాలుగో రోజున సత్యవేణి "చెవుల్లో రైస్‌మిల్లు ఆడుతోందే" అని నవ్వింది. ఐదో రోజున ఫ్యాను తిరుగుతోందా లేదా అని అడిగింది. అది పెద్ద చప్పుడు చేస్తూ తిరుగుతూనే ఉంది. రెహానా మళ్లీ వచ్చి ప్రశాంతిని అలమారా దగ్గరకి తీసుకెళ్లింది. పక్కన నిలబడింది. ప్రశాంతి బొటనవేలు గాజుపలకకి బెత్తెడు దూరం దాకా తీసుకెళ్లింది. గుమ్మంలో బోర్డు మీద వెయ్యీ తొంభై మూడు వెలుగుతోంది. వేలు వెనక్కి తీసుకుంది.

"జ్వరం తగ్గుతోంది కదా, ఇంకో మూడు రోజులే" అంది.

మూడు రోజులకి జ్వరం పూర్తిగా తగ్గింది. కమిటీవాళ్లు వచ్చారు, బోర్డు కింద నిలబడి ఫొటోలు దిగారు. గడపని దేశమంతా పెట్టాలని రాసి సంతకాలు చేశారు. ఒకాయన సత్యవేణి మంచం దగ్గర ఆగి "మీ చెల్లెలి యంత్రమే మిమ్మల్ని కాపాడిందమ్మా" అన్నాడు.

సత్యవేణి ఆయన పెదాలవైపు చూసింది. "ఏటండీ?" అంది. ఆయన ఇంకొంచెం గట్టిగా చెప్పాడు. "ఏటీ?" అంది. వార్డు ఆ చివర్నుంచి ఈ చివరకి అందరూ తిరిగి చూసేలా అరిచి, "చిట్టీ, ఈయనేటంటున్నాడే?" అని అడిగింది.

ఆ వినికిడి మళ్లీ రాలేదు. వినికిడి యంత్రం పెడితే అందుకునే నరమే లోపల మిగల్లేదని చెవి డాక్టరు చెప్పాడు.

*

ఇంటికొచ్చిన రెండో వారం, వద్దన్నా వినకుండా సత్యవేణి వంటింట్లోకి చేరింది. ఆరోజు చేపల పులుసు. ప్రశాంతి తిని, చెయ్యి కడుక్కుని, తన గదిలోకి వెళ్లింది. కళ్లజోడు మరిచిపోయి వెనక్కి వచ్చింది. వెనకనుంచి వచ్చే అడుగుల చప్పుడు సత్యవేణికి ఇప్పుడు వినపడదు. వినపడి ఉంటే ఎప్పట్లాగే గిన్నె దాచేసేది.

సత్యవేణి గచ్చు మీద గొంతుక్కూర్చుని, ఒళ్లో పులుసు గిన్నె పెట్టుకుని, అందులోనే అన్నం కలుపుకుని తింటోంది. అడుగంటిన చేప పొడిని వేలితో గీకి నాలుక మీద పెట్టుకుంది.

ప్రశాంతి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. చేప పడని మనిషికి ఆ పులుసు ఒక్క చెంచా చాలు, పెదాలు వాచడానికి. అక్క పెదాలు వాచలేదు. పైగా ఇంకో ముద్ద కలుపుతోంది.

ఎదురుగా వచ్చి కూర్చుని, అక్కతో మాట్లాడటానికి కొన్న పలక మీద రాసింది: "ఎన్నాళ్లనుంచి?"

సత్యవేణి ఉలిక్కిపడి గిన్నె పక్కన పెట్టబోయింది. మళ్లీ ఏమనుకుందో, పెట్టలేదు. తన గొంతు తనకి వినపడని మనిషి గనక వీధిలోకి వినపడేలా చెప్పింది.

"అమ్మ పోయిన ఏడాదినుంచి. పావుకేజీ చేప తెస్తే నాలుగు ముక్కలొచ్చేవి. నాన్న, తమ్ముళ్లిద్దరు, నువ్వు. నువ్వే అడిగావే, 'నీకు చేప పడదా అక్కా?' అని. ఐదేళ్లదానివి. ఏం చెప్పను? పడదే అన్నాను. నువ్వు నీ ముక్క తినేసి, 'అయితే రేపట్నుంచి నీ ముక్క నాకే' అన్నావు."

"గుడ్డు?"

"గుడ్డూ అంతే. రొయ్యా అంతే. పులుసు ఎటూ మిగిలేది కదా."

"నేను సంపాదించడం మొదలెట్టాకైనా ఎందుకు చెప్పలేదు?"

సత్యవేణి చదివి, కొంగుతో మూతి తుడుచుకుంది. "చెప్తే నువ్వు తిన్న ముక్కలన్నీ గుర్తు చేసుకుని ఏడుస్తావని. అయినా ఆసుపత్రిలో చెప్పానుగా! ఉత్తిదే, ఉత్తిదే అని గోల పెట్టాను. నీ మిషను వినలేదు. సరే, అది మిషను. నీకేం వచ్చిందే?"

ప్రశాంతి పలక మీద ఏదో రాయబోయింది. సుద్ద విరిగింది.

ఆ రోజు ఆమెకి తన ముప్పై వేల కంచాలూ కళ్లముందు వరసగా కనిపించాయి. అన్నీ మగవాళ్ల కంచాలే. మగవాడు కంచంలో వదిలేసింది అతని ఒంటికి పడనిది. ఆడది గిన్నెలోనే వదిలేసింది పక్కవాళ్లకి సరిపోనిది. ఈ రెండింటినీ ఒకే కెమెరాతో చూడకూడదని తెలియడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు, భోజనాలయ్యాక ఐదు నిమిషాలు వంటింట్లో ఉంటే చాలు.

*

ప్రశాంతి కమిటీకి పదకొండు పేజీల ఉత్తరం రాసింది. తన తప్పేమిటో, అక్క చెవులు ఎలా పోయాయో, బంధువులు చెప్పిందాన్ని కాకుండా ఆడవాళ్లని విడిగా కూర్చోబెట్టి అడగాలనీ, అనుమానం ఉంటే స్కిన్ టెస్ట్‌కి అర తెరుచుకోవాలనీ రాసింది. ఆమెని ఢిల్లీ పిలిపించారు.

చైర్మన్ ఉత్తరం మీద వేళ్లతో తాళం వేస్తూ అన్నాడు. "అంటే, ఆడవాళ్లు చెప్పే తిండి వివరాలు నమ్మదగ్గవి కాదంటారు."

"అలా అనలేదు సార్. వాళ్లని అడిగే పద్ధతి తప్పంటున్నాను."

"మీ అక్కగారు నలభై ఏళ్లు అబద్ధం చెప్పారని మీరే రాశారు. నాలుగో పేజీ."

"ఆసుపత్రిలో నిజం చెప్పింది. నేనే వినలేదు. అది ఐదో పేజీలో ఉంది సార్."

"విడిగా కూర్చోబెట్టి అడగాలంటే మనుషులు కావాలమ్మా. రూలు ఒక్క వాక్యంలో మారుద్దాం."

మారిన రూలు ఇది: పన్నెండేళ్లు దాటిన ఆడవాళ్ల విషయంలో, వాళ్లుగానీ వాళ్ల తరఫువారుగానీ చెప్పిన అలర్జీ వివరాలను గడప లెక్కలోకి తీసుకోరాదు.

కింద సంతకం పెట్టాల్సింది యంత్రాన్ని కనిపెట్టిన మనిషి. పెట్టకపోతే పాత రూలే ఇంకో ఏడాది నడుస్తుందన్నారు. పాత రూలు నడిస్తే ఇంకెంతమంది అక్కలకి చెవులు పోతాయో ప్రశాంతి ఆలోచించింది. కొత్త రూలుకి ఎవరు బలవుతారో కూడా ఆలోచించింది గానీ, వాళ్ల ముఖాలు ఆమెకింకా తెలియవు. సంతకం పెట్టింది.

రెండు నెలలకి ఒక ముఖం తెలిసింది. నాగులదిబ్బ ఆసుపత్రికి రమ్యశ్రీ అనే ఇంటర్ చదివే అమ్మాయి గొంతునొప్పితో వచ్చింది. పోయినేడు పెన్సిలిన్ ఇంజెక్షన్‌కి ఒళ్లంతా దద్దుర్లొచ్చి పడిపోయానని చెప్పింది. కొత్తగా చేరిన డాక్టరు గడపని అడిగాడు. గడప పెన్సిలిన్ అర తెరిచి పచ్చదీపం వెలిగించింది. అమ్మాయి రెండోసారీ చెప్పింది, మూడోసారీ చెప్పింది. "మిషను చూసుకుంటుందమ్మా, భయపడకు" అంటూ ఇంజెక్షన్ చేసేశాడతను. రెహానా ఆ సమయానికి వార్డులో ఉండబట్టి, పరుగెత్తుకొచ్చి అడ్రినలిన్ పొడవబట్టి పిల్ల బతికింది.

రెహానా ఫోన్‌లో ఒక్క మాటే అడిగింది. "మేడం, ఈ పిల్లకి జ్వరం నూట ఒకటే. ఈసారి మాట ఎందుకు లెక్కలోకి రాలేదు?"

ఆ సాయంత్రం ప్రశాంతి జరిగిందంతా పలక మీద రాసి, తుడిచి, మళ్లీ రాసి అక్కకి చూపించింది. సత్యవేణికి చదవడం నిదానం. పెదాలు కదుపుతూ చివరిదాకా చదివింది. సంతకం దగ్గర ఆగి, మళ్లీ మొదటినుంచి చదివింది.

"నేనొక్కదాన్ని ముక్క కోసం అబద్ధమాడితే దేశంలో ఆడోళ్లందరికీ నోరు తీయించేశావా చిట్టీ?" అని అరిచింది. ఎదురింటివాళ్లు కిటికీ తెరిచారు. "నేనెవరికీ అపకారం చెయ్యలేదే! నా ముక్క నేను మానుకున్నాను, అంతే. నువ్వు నా చెవులు తీసేశావు. వాళ్ల నోళ్లు తీసేశావు. ఇంకేం మిగిలిందే నీ మిషనుకి?"

ప్రశాంతి రాసింది: "తప్పు నాదే అక్కా. రూలు మార్పించేదాకా ఊరుకోను. క్షమించు."

సత్యవేణి బొటనవేలు తడి చేసుకుని 'క్షమించు' అన్న మాటని మాత్రం తుడిచేసింది. మిగిలింది అలాగే ఉంచి పలకని గోడకి ఆనించింది.

ఆ తరవాతి ఆదివారం సత్యవేణి జెల్లలు కొని పులుసు పెట్టింది. ఈసారి ముందు తన కంచం పెట్టుకుని, ముక్కలన్నీ తనే తిని, పులుసు గిన్నె చెల్లెలి ముందు పెట్టింది.